తాత పరుగు, మనుమడి పరుగు

ఈ మధ్య కోవిల్‌పట్టిలో గాని, విరుదునగరంలో గాని మన వారి ఇండ్లలో నలుగురు కూడినప్పుడు ఒక వాదు తరచుగా వినబడుతున్నది. తాత తమ బడి రోజులలో మైలు పందెం 4 నిమిషాల 40 సెకండ్లలో పరుగెత్తి కప్పు గెలిచిన సంగతి చెబుతాడు. మనుమడు వెంటనే, “నేను పదిహేను వందల మీటర్లు 4 నిమిషాల 25 సెకండ్లలో ముగించాను తాతా! నీకంటె పదిహేను సెకండ్లు ముందే గదా” అంటాడు. తాత ఊరుకోడు. “ఉత్త కాళ్ళతో కరిసల్ నేల మీద పరుగెత్తి చూడరా, అప్పుడు తెలుస్తుంది” అంటాడు. ఇంతలో అవ్వ కాఫీ తెచ్చి ఇద్దరి నోళ్ళూ మూయిస్తుంది. వాదు మాత్రం తెగదు.

ఇది వట్టి వినోదమే అయితే మేము కాగితం ఖర్చు చేసేవారము కాము. కాని ఈ లెక్క సరిగా కట్టకపోవడం వల్ల మన పిల్లలకు నిజంగా నష్టం జరుగుతున్నది. పట్నంలో రబ్బరు బాట మీద సాధన చేసిన కుర్రవానితో, మన ఊరి బడి మైదానంలో సున్నపు గీతల మధ్య పరుగెత్తినవానిని వట్టి సెకండ్లతో పోల్చి, “వీనివల్ల ఏమవుతుంది, ఇక చదువు చూసుకోమనండి” అని చెప్పే తండ్రులు మనలో ఉన్నారు. అందుచేత ఒక కాలపు పరుగును మరొక కాలపు పరుగుతో ఎట్లా పోల్చవలెనో కొంచెం ఓపికగా చూద్దాము.

మొదట తాతా మనుమల లెక్క తేల్చుదాము. మైలంటే 1,609 మీటర్లు దాటిన దూరం. పదిహేను వందల మీటర్లకంటె సుమారు 109 మీటర్లు ఎక్కువ. మైలును 280 సెకండ్లలో ఒకే వేగంతో పరుగెత్తినవాడు ఆ చివరి 109 మీటర్లకు 19 సెకండ్లు తీసుకొంటాడు. అంటే తాత పదిహేను వందల మీటర్ల గీతను సుమారు 4 నిమిషాల 21 సెకండ్లకే దాటిపోయినాడన్నమాట. మనుమడు పదిహేను సెకండ్లు ముందు కాదు, నాలుగు సెకండ్లు వెనుక! నేల మాట, చెప్పుల మాట ఎత్తకముందే, వట్టి కూడికలు తీసివేతలతోనే సగం వాదు తేలిపోయింది. అయితే మిగిలిన సగం ఇంత సులభం కాదు.

ప్రపంచంలో పెద్ద పెద్ద పరుగు వీరుల విషయంలోను ఇదే చిక్కు. 1954 మే 6వ తేదీన ఆక్స్‌ఫర్డులో రోజర్ బానిస్టర్ మైలును 3 నిమిషాల 59.4 సెకండ్లలో పరుగెత్తి, నాలుగు నిమిషాల గోడను మొదటిసారి దాటినాడు. ఆ బాట బొగ్గు నుసి పరిచినది. అడుగు వేసినప్పుడల్లా నుసి కొంత జారుతుంది, కాలి బలం కొంత నేల పాలవుతుంది. క్రిస్ బ్రాషర్, క్రిస్ చాటవే అనే ఇద్దరు మిత్రులు వంతులవారీగా ముందు పరుగెత్తి ఆయనకు వేగం చూపినారు. అంతకుముందు 1945లో స్వీడను దేశపు గుండర్ హేగ్ నెలకొల్పిన 4 నిమిషాల 1.4 సెకండ్ల రికార్డు దాదాపు తొమ్మిదేండ్లు నిలిచింది. బానిస్టరుది నలభై ఆరు రోజులే నిలిచింది. ఆస్ట్రేలియా దేశస్థుడు జాన్ లాండీ ఫిన్లాండులో దానిని 3 నిమిషాల 58 సెకండ్లకు దింపినాడు. కాగితం మీద లాండీయే గొప్ప. కాని అదే సంవత్సరం ఆగస్టులో వాంకూవరులో ఇద్దరూ ఒకే నేల మీద, ఒకే ఎండలో పోటీపడినప్పుడు బానిస్టరే గెలిచినాడు. రికార్డు ఒక సంగతి, పందెం మరొక సంగతి అని ఆనాడే రుజువైంది.

నేల చేసే మాయకు మరొక నిదర్శనం పీటర్ స్నెల్. ఈయన 1962 ఫిబ్రవరిలో న్యూజీలాండులోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో 800 మీటర్లు 1 నిమిషం 44.3 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పినాడు. అది పచ్చగడ్డి మీద పరుగు! ఆ తరువాత రబ్బరు బాటలు వచ్చినవి, కొత్త బూట్లు వచ్చినవి. అయినా ఆయన దేశంలో ఆ కాలాన్ని దాటడానికి 2024 వరకు, అంటే అరవై రెండేండ్లు పట్టింది. గడ్డి మీది 1:44.3, రబ్బరు మీది 1:44.3 ఒకటేనని ఏ గుమాస్తా అయినా చిట్టాలో ఒకే పద్దు కింద వేస్తే వాని లెక్క తప్పే.

ఇక మన దేశానికి వద్దాము. రాజస్థానులో పుట్టి సైన్యంలో పనిచేసిన శ్రీరాంసింగ్ పేరు మన పెద్దలు మరచి ఉండరు. 1974లో టెహరానులోను, 1978లో బాంకాకులోను ఆసియా క్రీడలలో 800 మీటర్ల బంగారు పతకం ఆయనదే. 1976లో మాంట్రియల్ ఒలింపిక్సు ఆఖరి పందెంలో మొదటి చుట్టు ముగిసేసరికి అందరికంటె ముందున్నది శ్రీరాంసింగే. ఆ చుట్టు 51 సెకండ్ల లోపల ముగిసింది. ఆ వేగాన్ని అందిపుచ్చుకొని క్యూబా దేశపు అల్బెర్టో జువాంతొరేనా 1 నిమిషం 43.50 సెకండ్లతో ప్రపంచ రికార్డు సృష్టించినాడు. శ్రీరాంసింగ్ పెట్టిన వేగమే తనకు తోడ్పడిందని ఆయనే తరువాత చెప్పినాడు. మనవాడు ఏడవవాడుగా వచ్చినాడు. కాలం 1 నిమిషం 45.77 సెకండ్లు.

ఆ రికార్డు మన దేశంలో నలభై రెండేండ్లు నిలిచింది. 2018 జూనులో గౌహతిలో కేరళ యువకుడు జిన్సన్ జాన్సన్ 1 నిమిషం 45.65 సెకండ్లలో పరుగెత్తి దానిని తుడిచివేసినాడు. తేడా సెకండులో ఎనిమిదవ వంతుకంటె తక్కువ. 2025లో మహమ్మద్ అఫ్సల్ పోలెండులో 1 నిమిషం 44.93 సెకండ్లకు దానిని ఇంకా దింపినాడు.

ఇప్పుడు శ్రీరాంసింగ్ గొప్పా, జాన్సన్ గొప్పా? ఒక లెక్క చూడండి. శ్రీరాంసింగ్ కాలం ఆనాటి ప్రపంచ రికార్డుకు 2.27 సెకండ్లు వెనుక. అంటే నూటికి రెండు పాళ్ళకంటె కొంచెం ఎక్కువ. జాన్సన్ గౌహతిలో పరుగెత్తేనాటికి ప్రపంచ రికార్డు కెన్యా వీరుడు డేవిడ్ రుడీషా 2012లో లండనులో సాధించిన 1 నిమిషం 40.91 సెకండ్లు. జాన్సన్ దానికి 4.74 సెకండ్లు వెనుక. నూటికి నాలుగున్నర పాళ్ళు దాటింది. తన కాలపు మేటివారితో తూచితే శ్రీరాంసింగే బరువు.

అయితే ఈ లెక్కను పట్టుకొని జాన్సన్‌ను తక్కువ చేయడం కూడా అన్యాయమే. శ్రీరాంసింగ్ పక్కన పరుగెత్తింది ప్రపంచపు మేటివారిలో ఏడుగురు. జాన్సన్‌కు గౌహతిలో అట్టి తోడు లేదు. పైగా జూను నెల ఉక్క. అదే జాన్సన్ 2019లో బెర్లినులో ఉద్దండుల నడుమ పదిహేను వందల మీటర్లు 3 నిమిషాల 35.24 సెకండ్లలో పరుగెత్తి మరొక దేశీయ రికార్డు సాధించినాడు. అంతకు ముందటి సంవత్సరం జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచినప్పుడు అదే దూరానికి ఆయన తీసుకొన్నది 3 నిమిషాల 44.72 సెకండ్లు. బెర్లిను పరుగుకంటె తొమ్మిదిన్నర సెకండ్లు ఆలస్యం, అయినా బంగారం! పతకం కోసం పరుగెత్తేటప్పుడు ఎవరూ ముందు పడి తమ బలం ఖర్చు చేసుకోరు. ఆఖరి చుట్టులో తేల్చుకొంటారు. కాబట్టి కాలం తక్కువైతే గొప్ప, ఎక్కువైతే చిన్న అనుకోరాదు.

కోవిల్‌పట్టి వారికి ఇది చెప్పవలసిన పని లేదు. హాకీ ఆ ఊరి ఊపిరి. 1928 నుంచి 1972 వరకు ఒలింపిక్సు హాకీలో ప్రతిసారీ పతకం తెచ్చిన మన దేశం, కృత్రిమపు పచ్చిక మీద మొదటిసారి ఆడించిన ఆ 1976 మాంట్రియల్‌లోనే ఏడవ స్థానానికి దిగిపోయింది. ఆడే నేల మారితే ఆట ఎంత మారుతుందో ఆనాడు దేశమంతా చూసింది. ఇప్పుడు కోవిల్‌పట్టిలోనే కృత్రిమ మైదానం ఉన్నది గనుక అక్కడి పిల్లలకు ఆ భేదం కాళ్ళకే తెలుసు.

ఎత్తు సంగతి కూడా ఒకటి ఉన్నది. 1968 ఒలింపిక్సు జరిగిన మెక్సికో నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ గాలి పలుచన. గాలిలో అడ్డు తక్కువ గనుక పొట్టి పరుగులకు లాభం, ఊపిరి అందదు గనుక పొడుగు పరుగులకు నష్టం. కెన్యా మెరక భూములలో పెరిగిన కిప్ కైనో అక్కడ పదిహేను వందల మీటర్లు 3 నిమిషాల 34.9 సెకండ్లలో గెలిచినాడు. ఎనిమిదేండ్ల ముందు రోములో బొగ్గు నుసి బాట మీద హెర్బ్ ఎలియట్ పరుగెత్తింది 3 నిమిషాల 35.6. ఒకరికి నేల కలిసివచ్చింది, గాలి కలిసిరాలేదు. మరొకరికి గాలి కలిసివచ్చింది, నేల కలిసిరాలేదు. ఇద్దరినీ ఒకే తక్కెడలో ఎట్లా తూచగలము?

ఇక మన ప్రాంతం మాట. నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చుతుంది, ఐప్పసి వానలకు బురద అవుతుంది. రెండు మూడు నిమిషాల పరుగులో ఎండ దెబ్బ అంతగా తగలదు. కాని నెలల తరబడి చేసే సాధనలో తగులుతుంది. తెల్లవారుజామున తప్ప మన పిల్లలు గట్టి సాధన చేయలేరు. మైదానం చిన్నది గనుక చుట్టు రెండు వందల మీటర్లే. ఎనిమిది వందలకు నాలుగు చుట్లు, ఎనిమిది మలుపులు. పెద్ద బాట మీద నాలుగు మలుపులే. మలుపు మలుపుకూ వేగం తగ్గుతుంది. ఇంకొకటి: గుంపులో చోటు దొరకక ఒక కుర్రవాడు గీతకు ఒక మీటరు వెలుపలగా పరుగెత్తినాడనుకోండి. ప్రతి చుట్టుకూ ఆరు మీటర్ల పైచిలుకు ఎక్కువ నడుస్తుంది. నాలుగు చుట్లకు ఇరవై ఐదు మీటర్లు. రెండుంబావు నిమిషాలలో ముగించేవానికి నాలుగు సెకండ్లు అక్కడే పోయినవి. ఆ నాలుగు సెకండ్లే జిల్లా పోటీకి పోవడానికి, ఇంట్లో కూర్చోవడానికి మధ్యనున్న తేడా కావచ్చు.

ఈ కాలపు పిల్లలకు బూట్ల సాయం ఉన్నది. లోపల కొత్త రకపు నురుగు, కొన్నింటిలో కార్బను పలక పెట్టిన స్పైకు బూట్లు పాదాన్ని ఎగదోస్తవి. పెద్ద పోటీలలో బాట అంచున దీపాలు కోరిన వేగంతో ముందు సాగుతూ దారి చూపుతవి. ఇన్ని సదుపాయాలున్నా 1998లో హిషామ్ ఎల్ గెరూజ్ పదిహేను వందల మీటర్లకు పెట్టిన 3 నిమిషాల 26 సెకండ్ల రికార్డు గాని, రుడీషా రికార్డు గాని 2025 ముగిసేవరకు చెదరలేదు. సదుపాయం ఒక్కటే మనిషిని పరుగెత్తించదని కూడా మనుమలు గ్రహించవలెను.

అందరికంటె పెద్ద అన్యాయం కాఫీ తెచ్చిన ఆ అవ్వకు జరిగింది. 1928 ఒలింపిక్సులో ఆడవారికి 800 మీటర్ల పందెం పెట్టినారు. జర్మనీ వనిత లీనా రాద్కె 2 నిమిషాల 16.8 సెకండ్లలో గెలిచింది. పందెం ముగిసినాక స్త్రీలకు ఇది తగదని తీసివేసినారు. మళ్ళీ పెట్టింది 1960లో. పదిహేను వందల మీటర్లయితే 1972 వరకు వారికి లేనేలేదు. ఆ దూరాన్ని 2025లో కెన్యా తల్లి ఫెయిత్ కిప్‌యెగాన్ 3 నిమిషాల 48.68 సెకండ్లలో పరుగెత్తింది. ఒలింపిక్సులోనే అట్లా ఉంటే మన పల్లెలలో చెప్పేదేమున్నది? బిందె నెత్తిన పెట్టుకొని ఊరబావినుంచి ఇంటికి విసవిస వచ్చిన మన అవ్వల కాళ్ళలో ఎంత వేగముండెనో ఏ గడియారమూ చూడలేదు. వారి పద్దు ఖాళీగా ఉన్నది చేవ లేక కాదు, పందెం లేక. నేడు మన ఆడపిల్లలు పరుగెత్తుతామంటే అడ్డు చెప్పేవారు ఈ ఖాళీ పద్దును ఒకసారి తలచుకోవలెను.

దీనికి మేము చెప్పే ఉపాయం గుమాస్తా ఉపాయమే. ఏ ఆవర్జాలోనయినా చివర ‘రిమార్కులు’ అని ఒక గడి ఉంటుంది. మన సంఘం వారు ఆటల పోటీల పుస్తకంలో పేరు, కాలం మాత్రమే వ్రాసి ఊరుకోకుండా ఆ గడిని కూడా నింపవలెనని కోరుతున్నాము. నేల మట్టిదా, గడ్డిదా, రబ్బరుదా? చుట్టు ఎన్ని మీటర్లు, టేపుతో కొలిచినారా? పొద్దుటా, మధ్యాహ్నమా? వాన పడిందా? ఉత్త కాళ్ళా, బూట్లా? చేతి గడియారమా, విద్యుత్ గడియారమా? రెండవవాడు ఎంత వెనుక వచ్చినాడు? ఇది పది మాటల పని.

పెద్దలున్న ఇండ్లలో వారి కాలపు పరుగులను కూడా ఇట్లాగే అడిగి వ్రాసిపెట్టండి. పందెం మైలా, మీటర్లా అని అడగడం మరవకండి. తాత తన ఈడువారిలో ఎంతటివాడో, మనుమడు తన ఈడువారిలో ఎంతటివాడో అప్పుడు తెలుస్తుంది. రేపు ఏ పిల్లవాడో, పిల్లో పెద్ద పోటీలో పదకొండవ స్థానంలో వచ్చినప్పుడు, “ఇక చాలు” అనేముందు ఆ రిమార్కుల గడి ఒకసారి చదవండి. రెండు వందల మీటర్ల మట్టి చుట్టు మీద, ఉత్త కాళ్ళతో సాధించిన పదకొండవ స్థానమైతే, ముందు ఒక జత మంచి బూట్లు కొనిపెట్టండి. తరువాత మాట తరువాత.