ఇంటి గదిలో కోటిపల్లి లైను
(నమూనా రైలుమార్గం నిర్మించుకోవడం, మెరుగుపరచుకోవడం)

మన రామచంద్రపురానికి రైలు రెండుసార్లు వచ్చింది. కాకినాడ నుంచి కరప, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి వరకు సుమారు 45 కిలోమీటర్ల లైను మొదట 1928లో వేశారు. రెండవ ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో, ఇనుము అవసరమని ఆ పట్టాలు ఊడబీకి పట్టుకుపోయారు. ఆ తరువాత అరవై ఏళ్లకు పైగా ఈ ప్రాంతం వాళ్లు రైలెక్కాలంటే ద్వారపూడికో, కాకినాడకో బస్సులో పోవలసిందే. జి.ఎం.సి. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్నప్పుడు చేసిన కృషి ఫలించి లైను తిరిగి వేయగా, 2004లో మళ్లీ బండి కోటిపల్లి చేరింది.

ఆ మొదటి పన్నెండేళ్ల రైలు ఎక్కినవారు ఈనాడు ఉన్నా పండు ముసలివాళ్లై ఉంటారు. అంటే ఒక లైను మొత్తం మనుషుల జ్ఞాపకంలోంచి జారిపోతోందన్నమాట. దాన్ని నిలబెట్టుకోవడానికి పుస్తకాలు రాయవచ్చు, ఫొటోలు సేకరించవచ్చు. మరో దారి కూడా ఉంది. దాని నమూనాను ఇంట్లో ఒక బల్లమీద కట్టుకోవడం. ఇది పిల్లలాట కదా అని కొందరు నవ్వవచ్చు. కానీ కొలతలు, కరెంటు, వడ్రంగం, చరిత్ర ఇన్ని ఒక్కచోట కలిసే పని మరొకటి దొరకడం కష్టం.

విదేశాల్లో ఈ అలవాటు పాతదే. జర్మనీలోని మార్‌క్లిన్ కంపెనీ 1891లోనే బొమ్మ రైళ్ల పట్టాలకు నిర్ణీత కొలతలు పెట్టింది. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తన రైళ్లను అమ్మకానికి తెచ్చాడు. మన దేశంలో పూనా నగరంలో బి.ఎస్. జోషీ గారు ఎన్నో ఏళ్లు శ్రమించి కూర్చిన నమూనా రైళ్ల ప్రదర్శనశాల 1998లో ప్రారంభమైంది.

విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది ఇంకొకటి ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1946లో విద్యార్థులు ఒక నమూనా రైలు క్లబ్బు పెట్టుకున్నారు. బల్లమీద రైళ్లు నడిపేవారు కొందరైతే, బల్లకింద టెలిఫోను ఎక్స్ఛేంజి రిలేలతో సిగ్నళ్లు అల్లేవారు మరికొందరు. ఆ బల్లకింద కూర్చున్న కుర్రవాళ్లలోంచే తొలితరం కంప్యూటరు నిపుణులు కొందరు తయారయ్యారు. 1962 నాటి ప్రసిద్ధ కంప్యూటరు ఆట ‘స్పేస్‌వార్’ రూపొందించిన స్టీవ్ రస్సెల్ కూడా ఆ క్లబ్బు సభ్యుడే.

కొలత ముందు, కొనుగోలు తరువాత

ఏ నిష్పత్తిలో కట్టాలో తేల్చుకోకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు. ప్రపంచంలో ఎక్కువమంది వాడేది హెచ్.ఓ. అనే స్కేలు. ఇందులో అసలు వస్తువు 87వ వంతుకు తగ్గుతుంది. ఎన్ అనే స్కేలులో 160వ వంతుకు తగ్గుతుంది. చోటు బాగా తక్కువగా ఉంటే రెండోది మేలు. చేత్తో సొంతంగా చేసుకునే పని ఎక్కువ ఉంటే మొదటిదే సుఖం, వేళ్లకు కాస్త పట్టు దొరుకుతుంది.

హెచ్.ఓ. లెక్కన 5 అడుగుల 6 అంగుళాల మనిషి 19 మిల్లీమీటర్లు ఉంటాడు. 18 మీటర్ల కొబ్బరిచెట్టు 20 సెంటీమీటర్లపైన నిలుస్తుంది. పెరంబూరు ఫ్యాక్టరీలో తయారైన మామూలు రైలుపెట్టె పొడవు 21.3 మీటర్లు కాబట్టి బల్లమీద 24.5 సెంటీమీటర్లు వస్తుంది. ఒక కిలోమీటరు పదకొండున్నర మీటర్లవుతుంది. ఇక 45 కిలోమీటర్ల కోటిపల్లి లైను మొత్తం వేయాలంటే అర కిలోమీటరు పైచిలుకు గది కావాలి! కనుక కొండను అద్దంలో చూపినట్టు కుదించక తప్పదు. స్టేషన్ల మధ్య దూరాన్ని మాత్రం కుదించాలి. స్టేషను స్వరూపాన్ని కుదించకూడదు.

ఇక్కడ మన దేశం వాళ్లకు ఒక చిక్కు ఉంది. బజారులో దొరికే హెచ్.ఓ. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది ఐరోపా, అమెరికా దేశాల 1435 మిల్లీమీటర్ల గేజికి సరిపోయిన లెక్క. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. అంటే తయారు పట్టాలమీద మన పెట్టె దాదాపు 3 మిల్లీమీటర్లు ఇరుకైన కాళ్లతో నిలబడుతుంది. కచ్చితంగా ఉండాలంటే పట్టాలు, చక్రాల ఇరుసులు సొంతంగా చేసుకోవాలి. మొదటిసారి కట్టేవారు ఆ జోలికి పోకపోవడమే మంచిది. పక్కనుంచి చూస్తే ఈ తేడా కంటికి ఆనదు.

గుండ్రపు దారి కంటే గోడవారు బల్ల నయం

అందరికీ మొదట తట్టేది 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల ప్లైవుడ్ రేకు మీద గుండ్రంగా తిరిగే లైను. దీంట్లో రెండు ఇబ్బందులున్నాయి. 4 అడుగుల వెడల్పులో వంపు వ్యాసార్థం సాధారణంగా 18 అంగుళాలు, అంటే 457 మిల్లీమీటర్లు పెడతారు. మన పెట్టెకు రెండు బోగీ కేంద్రాల మధ్య దూరం 14.78 మీటర్లు, నమూనాలో 170 మిల్లీమీటర్లు. జ్యా పొడవు వర్గాన్ని వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగించి చూడండి. అంత వంపులో పెట్టె నడుము పట్టాల మధ్యరేఖ నుంచి 8 మిల్లీమీటర్లు లోపలికి జరుగుతుంది, కొసలు ఇంచుమించు అంతే బయటికి పోతాయి. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉండడమే కాదు, పక్కనున్న ప్లాట్‌ఫారానికి తగులుతుంది కూడా. రెండో ఇబ్బంది ఇంట్లోవాళ్లది. గది మధ్యలో మంచమంత బల్ల వేస్తే ఎవరు ఊరుకుంటారు?

అందుకని గోడవారుగా 8 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు బల్ల చాలు. 4 అడుగుల ముక్కలు రెండు చేసి బోల్టులతో కలిపితే, ఇల్లు మారినా విప్పి తీసుకుపోవచ్చు. కోటిపల్లి లైను ఇందుకు బంగారంలా సరిపోతుంది. ఇది కొసకు పోయి ఆగే లైను, గుండ్రంగా తిరిగేది కాదు. డెల్టా నేల కనుక కొండలు, సొరంగాలు, ఎత్తుపల్లాలు లేవు. పైగా 2004 తరువాత ఈ లైనుమీద రైలుబస్సు నడిచింది. నాలుగు పెట్టెల బండి పెడితే మీటరు పొడవు మింగేస్తుంది. రైలుబస్సుకు జానెడు ప్లాట్‌ఫారం చాలు. కొసన ఇంజను తిప్పుకోవలసిన పని కూడా లేదు.

ఎడమ కొసన గోడకు అట్టముక్క అడ్డంపెట్టి దాని వెనక రెండు పట్టాలు దాచండి. అది కాకినాడ. మధ్యలో రామచంద్రపురం స్టేషను, పక్కలైను, ఒక ధాన్యం గిడ్డంగి. కుడి కొసన కోటిపల్లి, దాని అవతల గోదావరి గట్టు. ఆవిరి ఇంజన్ల నాటి 1930ల లైను కట్టదలచుకుంటే మాత్రం కోటిపల్లిలో రెండు పాయింట్లతో ఒక పక్కదారి వేయాలి. ఇంజను విడిపోయి, ఆ దారిన చుట్టి వచ్చి, బండి రెండో కొసకు తగులుకోవడానికి అది అవసరం.

బల్ల, పట్టాలు, కరెంటు

బల్లకు రెండంగుళాల రీపర్లతో చట్రం, అడ్డకర్రలు అడుగున్నరకు ఒకటి చొప్పున, పైన 9 లేక 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. రసమట్టం పెట్టి చూసుకోవాలి. మన కోనసీమ గాలిలో చెమ్మ ఎక్కువ, వానాకాలం చెక్క ఉబ్బుతుంది. కాబట్టి పైన, కింద, అంచులకు కూడా రంగు పూయాలి. కాళ్లు నేలకు తగిలేచోట చెదలమందు రాయడం మరవవద్దు.

పట్టాలు గజం పొడవున, వంచుకునే రకం దొరుకుతాయి. కింద గాస్కెట్లకు వాడే బెండుషీటు పట్టీ వేస్తే చప్పుడు తగ్గుతుంది. పట్టాల అతుకుల దగ్గర అర మిల్లీమీటరు సందు ఉంచాలి. వేసవిలో లోహం సాగుతుంది, సందు లేకపోతే లైను పాములా మెలికపడుతుంది.

సాధారణ పద్ధతిలో రెండు పట్టాలకు 12 వోల్టుల డి.సి. కరెంటు ఇస్తారు. ఒక పట్టా ధనం, ఒకటి ఋణం. ధ్రువాలు మారిస్తే బండి వెనక్కి నడుస్తుంది, వోల్టేజి తగ్గిస్తే నెమ్మదిస్తుంది. కొత్తవారి బండ్లు బల్ల రెండో కొసకు పోయేసరికి నీరసించడం తరచూ చూస్తుంటాం. ఇంజను పాడైందనుకుంటారు. అసలు సంగతి లేబరేటరీలో మనం చదివిన ఓమ్ సూత్రమే. బండి అర ఆంపియరు లాగుతోందనుకోండి, వదులైన అతుకులన్నీ కలిసి 4 ఓములు అడ్డుపడితే 2 వోల్టులు దారిలోనే పోతాయి. దీనికి మందు ఒకటే. బల్లకింద రెండు లావాటి తీగలు కొస నుంచి కొసకు లాగి, ప్రతి పట్టా ముక్కకూ వాటినుంచి ఒక సన్న తీగ సోల్డరింగ్ చేయాలి.

ఇంటి మెయిన్సు కరెంటుతో మాత్రం ఆటలొద్దు. కంపెనీ తయారీ అడాప్టరు వాడండి. 230 వోల్టుల తీగ ఏదీ బల్లకు తగలకూడదు.

ఒక నెల బండి నడిపాకే అలంకారం

చాలామంది తొందరపడి పట్టాలు వేసిన వారానికే కంకర పోసేస్తారు. జిగురు ఆరాక ఏ అతుకు సరిగా లేదని తెలిసినా పెకలించలేరు. కాబట్టి వట్టి చెక్కమీదనే నెలరోజులు బండి నడపండి. ఎక్కడ ఆగింది, ఎక్కడ పట్టాలు తప్పింది ఒక నోటుబుక్కులో రాయండి. ఒకేచోట అన్ని పెట్టెలూ తప్పితే దోషం పట్టాలది. ఒకే పెట్టె అన్నిచోట్లా తప్పితే దోషం ఆ పెట్టెది.

పెట్టె తేలికైతే తరచు తప్పుతుంది. అమెరికా నమూనా రైలు సంఘం సిఫారసు ప్రకారం హెచ్.ఓ. పెట్టెకు 28 గ్రాములు, పైన అంగుళానికి 14 గ్రాములు చొప్పున బరువు ఉండాలి. మన 24.5 సెంటీమీటర్ల పెట్టెకు ఆ లెక్కన 160 గ్రాములు దాటాలి. లోపల అడుగున ఇనుప నట్లు అంటిస్తే సరి. పట్టాల మురికి తుడవడానికి ఉప్పు కాగితం వాడకండి, ఆ గీతల్లో మరింత మురికి చేరుతుంది. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలు గుడ్డకు అద్ది తుడిస్తే చాలు.

ఇక అలంకారానికి వస్తే, మన కోనసీమంత అదృష్టం ఎవరికుంది? కొబ్బరి పీచు సన్నగా కత్తిరించి ఆకుపచ్చ రంగులో ముంచితే వరిచేను. కొబ్బరి ఈనె టెలిఫోను స్తంభం. దారం చుట్టిన ఇనుప తీగ చెట్టు మాను, పచ్చ కాగితాన్ని దువ్వెనపళ్లలా కత్తిరిస్తే మట్టలు. వాడిన టీపొడి ఎండబెట్టి జల్లిస్తే చేలగట్ల మట్టి. శుభలేఖల అట్టతో స్టేషను గోడలు లేస్తాయి. కాలువ నీటికి ముదురు రంగు వేసి, వార్నిషు పలుచగా నాలుగైదు పూతలు, ఒకటి ఆరాక ఒకటి పూయాలి. కంకరకు సన్నటి రాతిపొడి పరచి, ఫెవికాల్ ఒక పాలు, నీళ్లు రెండు పాళ్లు కలిపి చుక్కలుగా వదలాలి. అందులో ఒక్క బొట్టు గిన్నెలు తోమే సబ్బునీళ్లు వేయండి. సబ్బు నీటి తలతన్యతను తగ్గిస్తుంది, అప్పుడు జిగురు రాళ్లమీద గోళీలా నిలవక సందుల్లోకి ఇంకుతుంది.

స్టేషను భవనం, ప్లాట్‌ఫారం, గేటు దగ్గర చెట్టు వంటివి ఊహించి పెట్టకుండా, పోయి చూసి, టేపుతో కొలిచి, అనుమతి ఉన్నచోట ఫొటో తీసి పెట్టండి. 1940కి ముందటి లైను కడుతుంటే ఊళ్లో పెద్దల్ని అడగండి. తాము చూడకపోయినా, తాతలు చెప్పిన మాటలు వాళ్ల దగ్గర ఉంటాయి. అవి కూడా ఆ నోటుబుక్కులో తేదీ వేసి రాసుకుంటే, బల్ల ఎప్పటికైనా పాడైనా పుస్తకం మిగులుతుంది.

తరువాతి మెట్లు

లైను కుదురుకున్నాక డిజిటల్ పద్ధతికి మారవచ్చు. ఇందులో పట్టాలకు ఎప్పుడూ ఒకే వోల్టేజి ఉంటుంది, ప్రతి ఇంజనుకూ ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరుకు పంపిన ఆజ్ఞను అది మాత్రమే వింటుంది. కనుక ఒకే లైనుమీద రెండు బండ్లు వేర్వేరు వేగాలతో నడుస్తాయి. ఆపైన సిగ్నళ్లు, స్టేషను దీపాలు, చివరకు ఒక టైంటేబులు. టైంటేబులు పెట్టిననాడు మీ బల్ల రైలుమార్గం అయినట్టు లెక్క.

ఆఖరుగా ఒక సలహా. కోటిపల్లి బల్ల కొసను మేకులతో మూసెయ్యకండి, బోల్టు కన్నాలు ఉంచండి. కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం వరకు 57 కిలోమీటర్ల కొత్త లైను 2000–01లో మంజూరైంది. దారిలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలను దాటాలి కనుక పని ఏళ్ల తరబడి సాగుతూ వచ్చింది. వంతెన నమూనా ఎంత చోటు పడుతుందో తెలియడానికి రాజమండ్రి ఆర్చి వంతెనను లెక్కకు తీసుకోండి. దాని ఒక్కొక్క కమాను 97.5 మీటర్లు, అంటే బల్లమీద 112 సెంటీమీటర్లు. అటువంటివి అక్కడ 28 ఉన్నాయి. మీ 4 అడుగుల బల్లకు ఒక్క కమాను సరిగ్గా పడుతుంది. అసలు లైనుకు ఎంత కాలం పడితే పట్టనివ్వండి. గౌతమిమీద మీ ఒక్క కమాను వచ్చే వేసవి సెలవుల్లో వేసుకోవచ్చు.