ఊరి లెక్క ఊరివారి యెదుట

పాలవాడు నెలలో ఎన్ని పూటలు పాలు పోసెనో గోడపై బొగ్గుగీతలతో లెక్క యుంచుకొను గృహిణులు మన పల్లెలలో పెక్కుమంది కలరు. అక్షరము రాని ముదుసలి యైనను ఆ గీతలను మఱువదు. నెల నిండగానే వానిని చూపి లెక్క తేల్చుకొనును. నిజాయితీ గల పాలవాడు అందుకు కోపగించుకొనడు సరికదా, తనకును అదియే మేలని యెంచును.

ఇంటి సొమ్మును గూర్చి యింత మెలకువ గల స్త్రీలు ఊరి సొమ్ము మాట వచ్చునప్పటికి "అవి రాజకీయములు, మగవారు చూచుకొందురు" అని తప్పుకొనుట కద్దు. సబ్బు కొన్నను చీర కొన్నను మనము చెల్లించు పన్నే ప్రభుత్వ ధనమగుచున్నది. ఆ ధనము చెఱువుగనో, బాటగనో, కూలిగనో మరల మన యూరికి వచ్చునప్పుడు దాని లెక్క యడుగు హక్కు మనకు లేదా? ఈ ప్రశ్నకు మన తెలుగునాటనే, అందును కఱవుసీమయందే, యొక సమాధానము దొరకినది. దానిని సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

అనంతపురము జిల్లా నైరృతి భాగమున, కర్ణాటక సరిహద్దు చేరువను, కొండకోట గల కుందుర్పి యున్నది. ఈ జిల్లాలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుసెనగ విత్తిన రైతు ఆకసము వంక చూచుచుండును. వాన తప్పెనా, ఇంటికి తాళము వేసి బెంగుళూరునకు కూలికి పోవలసినవారు పెక్కుమంది. ఇట్టిచోట ఊరిలోనే దొరకు పది దినముల పని యనగా పది దినముల యన్నము. కావున ఆ కూలి లెక్కలో జరుగు ప్రతి యక్రమమును తుదకు ఒక తల్లి వంటయింటిని తాకును.

కఱవుపని ఈ సీమకు క్రొత్త కాదు. 1876–78 నాటి ధాత కఱవులో ఆకలిగొన్న ప్రజలచేత ప్రభుత్వము కంకర కొట్టించి బాటలు వేయించినది. అనంతపురము అప్పుడు బళ్లారి జిల్లాలో భాగము. 1882లో గాని వేఱు జిల్లా కాలేదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ దొర ఖర్చు తగ్గింపగోరి, పనిచేయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై స్వల్పమైన డబ్బును చాలునని నిర్ణయించెను. ఇది ప్రాణములు నిలుపదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా ఆక్షేపించెను. ఆ వాదము దొరలకును దొరలకును మధ్య నడచినది. రాళ్లు మోసిన స్త్రీని "అమ్మా, నీ కెంత ముట్టినది?" అని పదిమందిలో అడుగు ఏర్పాటు నాడు లేదు.

ఆ ఏర్పాటు కలుగుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. రాజస్థానములో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను కూలివారి సంఘము 1994లో పంచాయతీ పనుల లెక్కలను పల్లెప్రజల యెదుట చదివించు సభలను మొదలిడెను. చదువగా చదువగా కాగితములమీది కూలివారు వేఱు, పనిచేసిన కూలివారు వేఱని తేలినది. ఆ యుద్యమము పెరిగి దేశవ్యాప్తమై, 2005లో సమాచార హక్కు చట్టము వచ్చుటకు ముఖ్యకారణములలో నొకటి యయ్యెను.

ఆ సంవత్సరమే జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టమును వచ్చెను. పల్లెటూరి కుటుంబమున కొక్కింటికి ఏడాదికి 100 దినముల పని నిచ్చు నా పథకమును, 2006 ఫిబ్రవరి 2వ తేదీన నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగు గారు అనంతపురము జిల్లా నార్పల మండలము బండ్లపల్లెలో ప్రారంభించిరి. ఆ చట్టపు 17వ సెక్షను పనులన్నిటిని గ్రామసభయే సామాజిక తనిఖీ చేయవలెనని విధించినది. 2025 డిసెంబరులో పార్లమెంటు దీని స్థానమున వేఱొక చట్టమును ఆమోదించినది. చట్టముల పేరులు మాఱవచ్చును. లెక్క యడుగవలసిన యక్కఱ మాఱదు.

నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఈ తనిఖీని శ్రద్ధగా చేపట్టినది. 2006లోనే అనంతపురము జిల్లాలో పాదయాత్రగా పల్లెపల్లెకు తిరిగి లెక్కలు చూచిరి. 2009లో ఇందుకై ప్రత్యేకముగ నొక సంస్థ యేర్పడినది. కూలివారి కుటుంబములలోని చదువుకొనిన యువతీయువకులకు కొలది దినములు శిక్షణ నిత్తురు. వారు మస్టరులను పుచ్చుకొని గడపగడపకు పోయి, "ఈ వారము మీరు ఆఱు దినములు పనిచేసినట్లున్నది, నిజమేనా? ఇంత కూలి ముట్టినట్లున్నది, ముట్టినదా?" అని అడుగుదురు. చెఱువుకట్ట కడకు పోయి టేపుతో కొలుతురు. పిమ్మట గ్రామసభలో చదువుదురు. తుదకు మండల కేంద్రమున అధికారుల సమక్షమున ప్రజావేదిక జరుగును. ఇట్టి తనిఖీలలో మృతుల పేర్లును, ఊరు విడిచి పోయినవారి పేర్లును మస్టరులందు కనబడుట పలుమార్లు జరిగినది.

ఆఫ్రికాఖండమందలి ఉగాండా దేశపు కథయు ఇట్టిదే. అచట 1991–95 మధ్య ప్రభుత్వము ప్రాథమిక పాఠశాలల ఖర్చులకై పంపిన ధనములో, సగటున నూటికి 13 వంతులు మాత్రమే బడులకు చేరినట్లు ఒక విచారణలో తేలినది. తక్కినది దారిలోనే ఇంకిపోయినది. తమకెంత రావలసియున్నదో బడిపంతులకును తెలియదు, తల్లిదండ్రులకును తెలియదు. అంతట ప్రభుత్వము ఏ జిల్లాకు ఎంత పంపినదో వార్తాపత్రికలలో ప్రకటింపసాగెను. ముట్టిన మొత్తమును బడిగోడపై అంటింపవలెనని విధించెను. 2001 నాటికి సుమారు 80 వంతులు బడులకు చేరినవి. పత్రికాప్రకటన యొక్కటియే కారణము కాదనియు, ధనము పంపు పద్ధతియు ఆ కాలముననే మాఱినదనియు కొందఱు పండితులు చెప్పుదురు. ఐనను రావలసినదెంతో తెలిసినవారిని మోసగించుట కష్టమనుట స్పష్టము.

ఇంతటితో అంతయు చక్కబడినదని మేము చెప్పజాలము. 2006–2010 మధ్య ఆంధ్రప్రదేశములోని 8 జిల్లాల తనిఖీ నివేదికలను పరిశీలించిన పరిశోధకులు, కూలివారి ఫిర్యాదులు కొంత తగ్గినను, సామగ్రి కొనుగోళ్లలోని యక్రమములు పెరిగినవని కనుగొనిరి. తాను మోసిన మట్టి తట్టలను కూలివాడు లెక్కింపగలడు; సిమెంటు బిల్లును ఎట్లు లెక్కించును? దొంగ కూడ నేర్చుకొనునుగదా! బయటపడిన సొమ్ములో తిరిగి రాబట్టినది స్వల్పము. శిక్షింపబడినవారు మిక్కిలి తక్కువ. తప్పు తెలిసియు శిక్ష లేకపోయినచో, మాటాడిన కూలిస్త్రీకి మిగులునది మేస్త్రీ పగ మాత్రమే. రేపు ఆమెకు పని దొరకునో దొరకదో!

ఇచటనే ప్రజాభిప్రాయమునకు పనియున్నది. ప్రజాభిప్రాయ మనగా ఎన్నికలనాడు వేయు వోటు మాత్రమే కాదు. ఒక్క స్త్రీ లేచి "నాకు ముట్టలేదు" అన్నచో అది ఫిర్యాదు. ఆమె ప్రక్కన ముప్పదిమంది లేచి "ఔను, మేమెఱుగుదుము" అన్నచో అది ప్రజాభిప్రాయము. ఒంటరిదానిపై పగ తీర్చుకొనవచ్చును. ఊరంతటిపై తీర్చుకొనుట సులభము కాదు.

చదువు వచ్చిన సోదరీమణులు ఈ విషయమున చేయగల సాయము పెద్దది. కాగితమును పంచాయతీ గోడపై అంటించినంతమాత్రమున, చదువురానివారికి అది గోడయే గాని లెక్క కాదు. పొరుగామె జాబ్ కార్డును చదివి చెప్పుడు. బ్యాంకు పుస్తకములో పడిన కూలిని పనిచేసిన దినములతో సరిచూడుడు. గ్రామసభ జరుగు దినము తెలిసికొని, పదిమందిని వెంటబెట్టుకొని పోవుడు. సమాచార హక్కు చట్టము క్రింద అర్జీ వ్రాయుడు. మన రాష్ట్రమున గ్రామస్థాయి కార్యాలయములలో దానికి రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు. 30 దినములలో జవాబు రావలెను.

ఇది కలహము పెంచుట కాదు. నిజాయితీ గల యుద్యోగికి లెక్క చదువబడుట గౌరవమే. కుందుర్పి వంటి మెట్టసీమలో వాన మన చేతిలో లేదు. వాన లేని యేట బీదయిల్లాలికి రావలసిన కూలి, ఒక్క రూపాయియైన తఱుగక ఆమె చేతికి వచ్చునట్లు చూచుట మాత్రము మన చేతిలోనిదే.