వదంతిని నర్సులే నమ్మితే ఎలా?

‘హెచ్‌పీవీ టీకా వేయించుకుంటే పిల్లలు పుట్టరట!’ ఈ మాట ఊళ్లో వినిపిస్తే అర్థం చేసుకోవచ్చు. నర్సింగ్ కాలేజీ హాస్టల్ గదుల్లో వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా తిరుగుతుంటే మాత్రం ఊరుకోకూడదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమేమిటని పరీక్షలో అడిగితే ‘హెచ్‌పీవీ, ముఖ్యంగా 16, 18 రకాలు’ అని తడుముకోకుండా రాసే అమ్మాయిలే, ‘మరి నువ్వు వేయించుకున్నావా?’ అంటే ‘పెళ్లయ్యాక చూద్దామంది అమ్మ’ అంటున్నారు. రేపు ఫీల్డ్ పోస్టింగ్‌లో ఓ తల్లి పదేళ్ల కూతుర్ని పక్కన నిలబెట్టుకుని అదే ప్రశ్న వేస్తుంది. సిస్టరమ్మ నీళ్లు నమిలితే ఆ పాపకు ఇక టీకా పడదు.

అపోహ: టీకాతో సంతానం కలగదు.

వాస్తవం: ఈ టీకాలో వైరస్సే లేదు. వైరస్ పైపొరలో ఉండే ఎల్1 ప్రొటీన్‌ను ప్రయోగశాలలో తయారుచేసి ఇస్తారు. అందులో జన్యుపదార్థం ఉండదు కాబట్టి అది ఒంట్లో పెరగదు, ఇన్ఫెక్షన్ తేదు. జబ్బకు ఇచ్చిన ఇంజెక్షన్‌కు శరీరం యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది, అంతే. 2017 నాటికే ప్రపంచమంతటా 27 కోట్ల డోసులు పంపిణీ అయ్యాయి. ఆ సమాచారాన్ని పరిశీలించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు, సంతానలేమికి టీకా కారణమనే ఆధారం లేదని తేల్చారు. ఆస్ట్రేలియాలో 2007లో బడిలో టీకా వేయించుకున్న పిల్లలు ఇప్పుడు తల్లులయ్యే వయసులో ఉన్నారు.

నిజానికి తల్లి అయ్యే అవకాశాన్ని లాక్కునేది క్యాన్సర్. జబ్బు ముదిరితే గర్భసంచి తీసేయాలి, లేదా రేడియేషన్ ఇవ్వాలి. 2022లో మన దేశంలో దాదాపు 1,27,000 మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చిందని, 80,000 మంది దాకా చనిపోయారని అంచనా. దుర్వాసనతో తెల్లబట్ట, ఆగని రక్తస్రావంతో ఆలస్యంగా వచ్చే ఆడవాళ్లను గైనిక్ వార్డులో చూస్తూ కూడా టీకాకు భయపడటం ఏం న్యాయం?

అపోహ: ఖమ్మంలో ఈ టీకా వల్లే పిల్లలు చనిపోయారు.

వాస్తవం: 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు ఓ ప్రాజెక్టు కింద టీకా ఇచ్చారు. ఇలాంటిదే గుజరాత్‌లోని వడోదరలోనూ జరిగింది. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో ప్రాజెక్టు ఆపేశారు. విచారణలో బయటపడ్డ కారణాలు నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటివి. టీకా వల్లనని తేలలేదు.

అయితే ఒకటి ఒప్పుకోక తప్పదు. ఆ ప్రాజెక్టులో ఎంతోమంది తల్లిదండ్రులను అడగనేలేదు. హాస్టల్ వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుబట్టింది. జనం అనుమానానికి ఆ తీరే కారణం. ఆ గొడవతోనే ఇంకో పెద్ద అధ్యయనంలోనూ టీకాలు మధ్యలో ఆగి, వేలమంది అమ్మాయిలకు ఒక్క డోసే పడింది. పదేళ్లు గమనిస్తే 16, 18 రకాల దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్ నుంచి ఆ ఒక్క డోసే దాదాపు 95 శాతం రక్షణ ఇచ్చినట్టు తేలింది.

మిగతావి ఒక్క ముక్కలో: ఈ వైరస్‌కూ శీలానికీ సంబంధం లేదు, ఒకే భాగస్వామి ఉన్నా సోకవచ్చు. ఇది ఆడవాళ్ల సమస్య మాత్రమే కాదు, మగవాళ్లకూ గొంతు, మలద్వార క్యాన్సర్లు తెస్తుంది. కండోమ్ పూర్తి రక్షణ ఇవ్వదు. టీకా వేయించుకున్నా ముప్పై దాటాక స్క్రీనింగ్ మానకూడదు.

పెళ్లయ్యాక అనుకోవడం తలకిందుల లెక్క. వైరస్ సోకకముందు వేయించుకుంటేనే పూర్తి ఫలితం. 2023లో మార్కెట్లోకి వచ్చిన మన సీరమ్ ఇన్‌స్టిట్యూట్ టీకా సర్వావాక్‌కు 9 నుంచి 26 ఏళ్ల వరకు అనుమతి ఉంది కాబట్టి నర్సింగ్ విద్యార్థినులకు సమయం మించిపోలేదు. ఎన్ని డోసులో డాక్టరును అడగండి. సూది పడ్డాక పదిహేను నిమిషాలు కూర్చోండి, కొందరికి కళ్లు తిరుగుతాయి. జబ్బ నొప్పి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కాలేజీలోనే శిబిరం పెట్టమని ప్రిన్సిపాల్‌ను అడగండి. ఇంట్లో అమ్మానాన్నలకు మీరే విడమరచి చెప్పండి. తొమ్మిదేళ్లు నిండిన చెల్లెలుంటే ఆమెనూ వెంట తీసుకెళ్లండి.