పాత డెస్క్‌టాపు: పొసగు భాగములు, పొసగనివి

పదేండ్లకు పైబడి ఒక కార్యాలయమున లెక్కలు వేసి, ఉత్తరములు అచ్చొత్తి, పిమ్మట వేలములోనో సెకండ్‌హ్యాండు అంగడిలోనో చౌకగా చేతులు మారి గృహస్థుని బల్లమీదికి చేరిన డెస్క్‌టాపు కంప్యూటరు, స్విచ్చి నొక్కిన అయిదారు నిమిషములకు గాని పనికి సిద్ధము కాకున్నచో, దాని ఆయువు తీరినదని తలంచుట సహజమే. కాని ఆ మాంద్యమునకు హేతువు చాలవరకు వార్ధక్యము కాదు. లోపలి భాగములలో ఒక్కటి మిక్కిలి నిదానముగా నడచుచు తక్కినవానినెల్ల తనకొరకు వేచియుండునట్లు చేయుటయే. ఆ యొక్కదానిని కనుగొని, దాని స్థానమున పొసగు క్రొత్తదానిని నిలుపుటయే ఈ పనిలోని మర్మము.

ఉదాహరణమునకు 2012 నాటి డెల్ ఆప్టిప్లెక్స్ 7010ను తీసికొందము. 2023లో ఆ సంస్థయే అదే సంఖ్యతో, ఇంటెల్ 13వ తరము ప్రాసెసరుగల వేరొక నమూనాను విడుదల చేసినది గావున, పేరు మాత్రమే చూచి భాగములు కొన్నవాడు నష్టపోవును. పెట్టెమీద అంటించియున్న సర్వీస్ ట్యాగ్ అను ఏడక్షరముల గుర్తును డెల్ వెబ్‌సైటులో నమోదు చేసినచో, ఆ యంత్రము ఏ భాగములతో బయలుదేరినదో నిస్సందేహముగా తెలియును. సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోటికి బేరమునకు పోవువారు ముందుగా ఆ వివరములను చీటీమీద వ్రాసికొని పోవుట మేలు.

ఏ మార్పునకైనను ఎల్లలు నిర్ణయించునది మదర్‌బోర్డు. పై యంత్రములోని ప్రాసెసరు సాకెటునకు 1155 స్పర్శబిందువులు కలవు. ఇంటెల్ రెండవ, మూడవ తరముల ప్రాసెసర్లు దానిలో ఇమిడును గాని, 1150 బిందువుల సాకెటును కోరు నాలుగవ తరమువి ఇమడవు. ర్యామ్ విషయమున డీడీఆర్3 పలకకు 240 పిన్నులు, డీడీఆర్4కు 288. పైగా అంచున కోసిన గాడి స్థానము రెంటికిని వేరగుటచేత, ఒకదాని చోట రెండవదానిని బలవంతముగా దిగగొట్టజూచినవానికి విరిగిన స్లాటే ఫలము.

మొట్టమొదట మార్చవలసినది హార్డ్ డిస్కు. నిమిషమునకు 7200 మారులు తిరుగు డిస్కు సెకనునకు 120 చుట్లు తిరుగును. అనగా ఒక చుట్టునకు 8.3 మిల్లీసెకనులు పట్టును. కోరిన సమాచారము సూది క్రిందికి వచ్చుటకు సగటున సగము చుట్టు ఆగవలెను. సూది ఒకచోటి నుండి మరియొక చోటికి జరుగు కాలము దీనికి అదనము. విండోస్ మేల్కొనునప్పుడు చెల్లాచెదరుగా నున్న వేలకొలది చిన్న ఫైళ్ళను చదువవలసియుండగా, ఈ స్వల్పవిలంబములే కూడి నిమిషములగును. తిరుగు భాగమే లేని ఎస్‌ఎస్‌డిలో ఈ నిరీక్షణ మిల్లీసెకనులో పదవవంతునకు అటునిటుగా దిగిపోవును. అయితే ఈ యంత్రపు క్యూ77 చిప్‌సెట్టు సెకనునకు 6 గిగాబిట్ల వేగము గల సాటా పోర్టులను రెండింటినే యిచ్చును. తక్కినవాని వేగము అందులో సగమే కావున, క్రొత్త డిస్కు తీగను వేగముగల పోర్టునకే తగిలింపవలెను. క్రొత్తరకపు ఎన్‌వీఎంఈ డిస్కును అడాప్టరుతో అమర్చినను, దీని బయోస్ దానినుండి స్వయముగా బూట్ కానేరదు. 2.5 అంగుళముల సాధారణ సాటా ఎస్‌ఎస్‌డియే ఇచ్చట తగినది. ముఖ్యమైన ఫైళ్ళకు వేరుగా బ్యాకప్ తీసిన పిదపనే పాత డిస్కును క్రొత్తదానిలోనికి క్లోన్ చేయవలెను.

రెండవది ర్యామ్. పెద్దపెట్టె నమూనాలో నాలుగు స్లాట్లుండి 32 జీబీ వరకు పట్టును. ఒకే 8 జీబీ పలకకంటె రెండు 4 జీబీ పలకలను తెల్లని క్లిప్పులున్న స్లాట్లలో జతగా నిలిపినచో రెండు మార్గముల సమాచారము నడచును. కరెంటు తీగ ఊడదీసి, పెట్టె లోహభాగమును ఒకసారి తాకి, పలకను నిలువుగా ఉంచి రెండు కొసలను సమముగా నొక్కగా, ఇరుప్రక్కల క్లిప్పులు టక్కున బిగిసికొనును. ఆ శబ్దము వినబడనిచో పలక కుదురలేదన్నమాట. సర్వర్లనుండి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ అంగళ్ళలో మిక్కిలి చౌకగా దొరకును, గాడి కూడ సరిపోవును; కాని ఈ బోర్డుమీద అది పనిచేయదు. మరియు 32 బిట్ల విండోస్ ఉన్నంతకాలము 4 జీబీకి మించిన ర్యామ్ సాధారణముగా వ్యర్థమే.

ప్రాసెసరు మార్పు అంత ఫలవంతము కాదు. ఐ5-3470 తీసి ఐ7-3770 పెట్టినను కోర్లు నాలుగే, విద్యుత్తు 77 వాట్లే. థ్రెడ్లు మాత్రము నాలుగునుండి ఎనిమిదియగును. వీడియో ఎడిటింగు చేయువానికి అది లాభము, ఉత్తరములు వ్రాయువానికి వ్యయము. దానికి బదులు, సుద్దవలె ఎండిపోయిన పాత థర్మల్ పేస్టును తుడిచి క్రొత్తది పూసి, ఫ్యాను ధూళి దులిపినచో రొద తగ్గును. గ్రాఫిక్స్ కార్డునకు పవర్ సప్లయియే హద్దు: పెద్దపెట్టెలోనిది 275 వాట్లు, స్లాటునుండి కార్డునకు అందగలది 75 వాట్లు మాత్రమే. కావున వేరు తీగ కోరని జీటీఎక్స్ 1050 టీఐ వంటివాటితో తృప్తి పడవలెను. చిన్నపెట్టెలో అదియు తక్కువ ఎత్తుగల రకమై యుండవలెను. తరువాతి ఆప్టిప్లెక్స్ 9020లో బోర్డునకు చేరు పవర్ కనెక్టరు 24 పిన్నులది గాక 8 పిన్నులది. బజారు పవర్ సప్లయి దానికి నేరుగా తగులదు.

ఇంతచేసినను దాటరాని గట్టొకటి కలదు. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదవ తరమునుండియే ప్రాసెసర్లను అంగీకరించును, టీపీఎం 2.0 అను భద్రతాచిప్పును కూడ కోరును. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఇట్టి యంత్రమునకు లినక్స్ మింట్, ఉబుంటు వంటివి ఉచితముగా లభించు మార్గము. తెలుగు టైపు చేయుటకును, బ్రౌజరులో పనిచేయుటకును అవి చక్కగా చాలును.

కావున ఎస్‌ఎస్‌డి, ర్యామ్ అను రెంటితో తీరు కొరత తీరునదే. అవి అమర్చిన పిదపను పని సాగనిచో, మదర్‌బోర్డును, దానితోపాటు ప్రాసెసరును, ర్యామ్‌ను, పవర్ సప్లయిని మార్చబూనుట పాత పెట్టెలో క్రొత్త కంప్యూటరును కొనుటయే యగును. ఆ ధనమును క్రొత్తదానికే వెచ్చించి, పాత డిస్కులోని కార్యాలయ సమాచారమును పూర్తిగా చెరిపి, యంత్రమును లెక్కలు నేర్చుకొను పిల్లవానికో, గుర్తింపు పొందిన రీసైక్లింగు కేంద్రమునకో అప్పగించుట వివేకము.