స్వరభేదం – కంఠరక్షణ

అతిగా బిగ్గరగా మాట్లాడటం స్వరభేదానికి ఒక కారణమని సుశ్రుతుడు చెప్పాడు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో రాత్రంతా భజనలు పాడేవారికీ, స్త్రీ స్వరం కోసం గొంతు బిగించి కీచుగా మాట్లాడే ట్రాన్స్‌జెండర్ మహిళలకూ కలిగే హాని ఒక్కటే: స్వరతంత్రులు ఒరిసి వాచిపోతాయి.

యౌవనంలో పొడవై మందమైన స్వరతంత్రులు స్త్రీ హార్మోన్లతో తిరిగి సన్నబడవు. ఏ కషాయానికీ ఆ శక్తి లేదు. స్పీచ్ థెరపిస్టు వద్ద శ్వాస, స్థాయి, పలుకుతీరులను క్రమంగా అభ్యసించడం మంచి మార్గం. గాయకులకూ ఈ శిక్షణ మేలు చేస్తుంది.

గొంతు బొంగురుపోతే గుసగుసలు కూడా మాని మౌనం పాటించండి. గోరువెచ్చని నీరు త్రాగండి. చరకుడు కంఠ్యద్రవ్యాలలో చేర్చిన అతిమధురం కొద్దిగా చప్పరించవచ్చు. రక్తపోటు ఉన్నవారు వాడరాదు. మూడు వారాలకూ తగ్గకుంటే గొంతు వైద్యునికి తప్పక చూపించాలి.