ఒక్క పోగు, ఒకే కణం

గురజాల, మాచర్ల వైపు నల్లరేగడి చేలల్లో కాయ పగిలాక ఒక్క దూది పోగు లాగి చూడండి. మూడు సెంటీమీటర్ల దాకా సాగుతుంది. అదంతా ఒకే కణం! వెడల్పు 20 మైక్రాన్లకు అటూ ఇటూ, పొడవు అందుకు వెయ్యి రెట్లకు పైనే. మొక్కల కణాల్లో అతి పొడవైన వాటిలో ఇదొకటి. పల్నాడులో మిరపతో పోటీపడే పంట మోసుకు తిరుగుతున్న ఘనత ఇది.

ఒక్కో గింజ మీద ఇలాంటి పోగులు పదివేలకు పైనే. పువ్వు విచ్చిన రోజే లోపలి లేతగింజ పైపొరలో దాదాపు నాలుగో వంతు కణాలు ఉబ్బి లేస్తాయి. తెల్లటి పువ్వు మర్నాడు గులాబీ రంగుకు తిరిగేసరికి పోగు మొదలైపోయి ఉంటుంది. ఆపైన మూడు వారాలు సాగుతూనే ఉంటుంది. జోరు మీదున్నప్పుడు రోజుకు రెండు మిల్లీమీటర్లు!

ఇంత వేగంగా పెరిగే కణానికి పొర, గోడ చాలేదెలా? ఇక్కడే వెసికిల్స్ అనే అతి చిన్న పొర సంచుల పని. గోడ పదార్థమైన సెల్యులోజ్‌ను తయారుచేసే ఎంజైము కణం లోపల ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే భాగంలో పుడుతుంది. గాల్జీ అనే మరో భాగంలో ఆరు రేకులుగా అమరుతుంది. అక్కడి నుంచి సంచి ఎక్కి కణం అంచుకు వస్తుంది. సంచి పొర కాస్తా కణం పొరలో కలిసిపోతుంది. సరుకూ దిగింది, కణానికి కొత్త పొరా దక్కింది. మోసుకొచ్చిన సంచే ఇంటి గోడలో భాగం కావడం ఎన్నిసార్లు తలచుకున్నా అబ్బురమే.

సంచి దారి తప్పదా? దాని మీదా, చేరాల్సిన పొర మీదా స్నేర్ అనే ప్రోటీన్లుంటాయి. జత కుదిరితే జిప్పులా పెనవేసుకుని రెండు పొరల్నీ కలిపేస్తాయి. ఇది తేల్చింది జేమ్స్ రోత్‌మన్. రవాణా స్తంభించిన ఈస్ట్ కణాలను పట్టుకుని ర్యాండీ షెక్‌మన్ బృందం 1980 నాటికే ఈ రవాణాకు కావాల్సిన 23 జన్యువుల లెక్క తేల్చింది. నాడీకణాల్లో సంచి విడుదలకు కాల్షియం ఎలా సైగ చేస్తుందో థామస్ సూడాఫ్ చూపారు. ముగ్గురికీ 2013లో నోబెల్ వచ్చింది. వేగంలో రికార్డు నాడీకణాలదే: 40 నానోమీటర్ల సంచి సైగ అందిన మిల్లీసెకనులోపే ఖాళీ అవుతుంది.

పత్తికి ఇంకో ఘనత ఉంది. మొక్కల్లో సెల్యులోజ్ తయారుచేసే ఎంజైము జన్యువులు మొదట దొరికింది పత్తి పోగులోనే, 1996లో.

మూడు వారాల తర్వాత సాగుడు నెమ్మదించి, లోపలి గోడ మందమెక్కుతుంది. చివరికి పోగులో తొంభై శాతానికి పైగా సెల్యులోజే. సాగే రోజుల్లో బెట్ట తగిలితే పింజ పొట్టిదవుతుంది, గోడ సరిగా మందమెక్కకపోతే మైక్రోనేర్ అనే కొలత పడిపోతుంది. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రంలో రైతు తెచ్చిన పత్తికి తేమతో పాటు చూసేది పింజ పొడవు, మైక్రోనేర్ అనే ఈ రెండే.