క్లేర్ ఓటర్లు: గెలిపించి ఓటు పోగొట్టుకున్నవాళ్లు

ఐర్లాండ్ పడమటి తీరాన, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున క్లేర్ అనే కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే. దాని ముఖ్యపట్టణం ఎన్నిస్. 1801 నుంచి 1885 దాకా ఈ కౌంటీ మొత్తం ఒకే నియోజకవర్గంగా ఉండి లండన్ పార్లమెంటుకు ఇద్దరు సభ్యులను పంపింది. 1885లో దాన్ని తూర్పు క్లేర్, పడమటి క్లేర్ అని రెండుగా విడగొట్టారు. 1922లో ఐర్లాండ్‌లో అధికభాగం బ్రిటన్ నుంచి విడిపోవడంతో లండన్ పార్లమెంటు పటంలో ఆ పేర్లు లేకుండా పోయాయి.

ఇప్పుడు లేని ఒక నియోజకవర్గం గురించి తెలుసుకోవడం ఎందుకంటే, ఓటు చేతిలో ఉండడం వేరు, దాన్ని నచ్చినవాడికి వేయగలగడం వేరు, వేసిన ఓటు చెల్లడం వేరు అన్న సంగతి క్లేర్ చరిత్ర చదివితే బాగా అర్థమవుతుంది. అక్కడి ప్రజలకు ఈ మూడూ దక్కడానికి వందేళ్లకు పైగా పట్టింది.

నలభై షిల్లింగుల రైతు

1801 జనవరి 1న ఐర్లాండ్ బ్రిటన్‌లో విలీనమైంది. డబ్లిన్‌లోని పార్లమెంటు రద్దయింది. లండన్ దిగువ సభలో ఐర్లాండ్‌కు 100 స్థానాలు కేటాయించారు. 32 కౌంటీలకు ఇద్దరేసి చొప్పున అందులో 64 స్థానాలు వెళ్లాయి.

ఐర్లాండ్ జనంలో అత్యధికులు కాథలిక్కులు. భూమిలో అధికభాగం మాత్రం ప్రొటెస్టెంట్ భూస్వాముల చేతుల్లో ఉండేది. 1793లో వచ్చిన ఒక చట్టం కాథలిక్కులకు ఓటు హక్కు ఇచ్చింది కానీ పార్లమెంటులో కూర్చునే హక్కు ఇవ్వలేదు. సభలో చోటు తీసుకోవాలంటే చేయాల్సిన ప్రమాణంలో కాథలిక్కుల మత విశ్వాసాన్ని ఖండించే మాటలు ఉండేవి. ఏ కాథలిక్కూ మనస్సాక్షిని చంపుకోకుండా ఆ ప్రమాణం చేయలేడు.

కౌంటీలో ఓటు ఉండాలంటే, కౌలు కట్టగా ఏడాదికి కనీసం 40 షిల్లింగుల, అంటే 2 పౌండ్ల విలువ మిగిలే భూమి ఉండాలి. అది ఒక మనిషి జీవితకాలం పాటు చెల్లే కౌలు అయినా సరిపోయేది. భూస్వాములు ఇందులో తమకు లాభం చూసుకున్నారు. పొలాలను చిన్న చిన్న కమతాలుగా చీల్చి అలాంటి కౌళ్లు రాసిచ్చారు. కౌలుదార్లు ఎంతమంది ఉంటే దొరగారి వెనక అన్ని ఓట్లు.

అప్పట్లో ఓటు రహస్యం కాదు. ఓటరు పోలింగ్ జరిగే ఊరికి వచ్చి, అధికారి ముందు నిలబడి, తను ఎవరికి వేస్తున్నాడో పైకి చెప్పాలి. భూస్వామి మనిషి అక్కడే ఉండి వింటాడు. చాలామంది కౌలు బాకీ పడి ఉండేవాళ్లు. దొరకు నచ్చని పేరు చెబితే బాకీ మొత్తం ఒక్కసారిగా కట్టమంటారు, కట్టలేకపోతే భూమి ఖాళీ చేయిస్తారు. ఆ రైతు చేతిలో ఓటు ఉందన్నమాటే గానీ దాని మీద పెత్తనం దొరదే.

1828: ఎన్నిస్‌లో ఐదు రోజులు

ఈ పరిస్థితిని మార్చడానికి పూనుకున్నవారు డేనియల్ ఓకానెల్ అనే కాథలిక్ న్యాయవాది. ఆయన, సహచరులు కలిసి 1823లో కాథలిక్ సంఘాన్ని స్థాపించారు. మరుసటి ఏడాది నుంచి నెలకు ఒక పెన్నీ చందా పెట్టారు. కూలివాడు కూడా ఇవ్వగలిగినంత చిన్న మొత్తం కావడంతో ఊరూరా జనం సంఘంలో చేరారు. 1826లో వాటర్‌ఫర్డ్ కౌంటీ రైతులు బెరెస్‌ఫర్డ్ అనే పెద్ద భూస్వామి కుటుంబాన్ని ఎదిరించి ఓటు వేశారు. దొరను కాదని గెలవవచ్చని అప్పుడు తేలింది. అలా ఓటు వేసినందుకు భూమి పోయినవాళ్లను ఆదుకోవడానికి సంఘం ప్రత్యేకంగా నిధి కూడా సేకరించింది.

1828లో క్లేర్ సభ్యుడు విలియం వెసీ ఫిట్జ్‌జెరాల్డ్‌ను ప్రధాని వెల్లింగ్టన్ తన మంత్రివర్గంలో వాణిజ్య మండలి అధ్యక్షుడిగా తీసుకున్నారు. అప్పటి నియమం ప్రకారం, రాజు కింద జీతం వచ్చే పదవి తీసుకున్న సభ్యుడు సీటు వదులుకుని మళ్లీ ప్రజల తీర్పు కోరాలి. జీతం ఇచ్చేవాడికి లోబడిపోతాడేమోనన్న అనుమానంతో పెట్టిన కట్టుబాటు అది. అలా క్లేర్‌లో ఉప ఎన్నిక వచ్చింది.

ఫిట్జ్‌జెరాల్డ్ చెడ్డ మనిషి కాదు. కాథలిక్కుల హక్కులను సమర్థించిన ప్రొటెస్టెంట్ ఆయన. అయినా వెల్లింగ్టన్ ప్రభుత్వంలో చేరిన ఎవరినైనా సరే ఓడించాలని కాథలిక్ సంఘం అప్పటికే తీర్మానించుకుంది. నిలబెట్టడానికి తగిన ప్రొటెస్టెంట్ అభ్యర్థి దొరకలేదు. దాంతో ఓకానెల్ స్వయంగా బరిలోకి దిగారు. కాథలిక్కు ఎన్నికల్లో పోటీ చేయకూడదని ఏ చట్టమూ చెప్పలేదు, అడ్డంకి అంతా గెలిచాక చేయాల్సిన ప్రమాణం దగ్గరే. ఈ కిటుకును ఆయన సరిగ్గా పట్టుకున్నారు.

జూలై మొదటి వారంలో ఎన్నిస్‌లో ఐదు రోజుల పాటు పోలింగ్ జరిగింది. రైతులు ఊళ్లకు ఊళ్లు కదిలివచ్చారు, చాలాచోట్ల ఫాదర్లు ముందు నడిచారు. ఒక్కరూ మద్యం ముట్టకూడదు, ఒక్క దెబ్బా పడకూడదు అన్నది సంఘం పెట్టిన కట్టడి. గొడవ జరిగితే ప్రభుత్వం సైన్యాన్ని దింపడానికి అదే సాకు అవుతుందని వాళ్లకు తెలుసు. చివరికి ఓకానెల్‌కు 2,057 ఓట్లు, ఫిట్జ్‌జెరాల్డ్‌కు 982 ఓట్లు వచ్చాయి. భూస్వాముల మనుషులు చూస్తుండగానే రెండు వేల మందికి పైగా రైతులు గొంతెత్తి ఓకానెల్ పేరు చెప్పారు. పొలాన్ని, ఇంటిని పణంగా పెట్టి పలికిన మాట అది.

గెలుపుకు కట్టిన ధర

లండన్‌లో వెల్లింగ్టన్‌కు, హోంమంత్రి రాబర్ట్ పీల్‌కు పరిస్థితి అర్థమైంది. గెలిచిన ఓకానెల్‌ను సభ గుమ్మం దగ్గరే ఆపితే ఐర్లాండ్ భగ్గుమంటుంది. సార్వత్రిక ఎన్నికలు వస్తే కౌంటీ తర్వాత కౌంటీ క్లేర్ దారి పట్టవచ్చు. ఇద్దరూ కాథలిక్కుల కోరికను ఏళ్ల తరబడి వ్యతిరేకించినవాళ్లే. అయినా వెనక్కి తగ్గారు. 1829 ఏప్రిల్‌లో కాథలిక్కులు పార్లమెంటులో కూర్చునేలా చట్టం వచ్చింది. మాట మార్చినందుకు పీల్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ స్థానానికి రాజీనామా చేసి మళ్లీ నిలబడి ఓడిపోయారు.

ఆ చట్టంతో పాటే మరో చట్టం తెచ్చారు. ఐర్లాండ్ కౌంటీల్లో ఓటు అర్హతను 40 షిల్లింగుల నుంచి ఒక్కసారిగా 10 పౌండ్లకు, అంటే ఐదింతలకు పెంచారు. కౌంటీ ఓటర్ల సంఖ్య సుమారు 2,16,000 నుంచి 37,000కు పడిపోయింది. ఎన్నిస్‌లో ధైర్యం చేసిన ఆ చిన్న రైతుల పేర్లే జాబితా నుంచి ఎగిరిపోయాయి. కాథలిక్ న్యాయవాదులకు, వ్యాపారులకు, భూమి ఉన్నవాళ్లకు పార్లమెంటు తలుపు తెరుచుకుంది. దాన్ని తెరిపించిన రైతు మాత్రం బయటే ఉండిపోయాడు. ఈ కోతను గట్టిగా అడ్డుకోనందుకు ఓకానెల్ మీద అప్పటినుంచీ విమర్శ ఉంది. అది న్యాయమైన విమర్శే.

కొత్త చట్టం పాత ఎన్నికకు వర్తించదని సభ తేల్చింది. 1829 మే నెలలో ఓకానెల్ పాత ప్రమాణం చేయడానికి నిరాకరించి, క్లేర్‌కు తిరిగి వచ్చి, జూలైలో పోటీ లేకుండా మళ్లీ ఎన్నికయ్యారు.

బహిరంగ ఓటు నుంచి రహస్య ఓటుకు

తర్వాతి రోజులు చీకటివి. 1845లో మొదలైన బంగాళదుంప తెగులు మహాకరవు తెచ్చింది. 1841లో సుమారు 2,86,000 ఉన్న క్లేర్ జనాభా 1851 నాటికి 2,12,000కు దిగింది. ఆకలి, వలసలు, భూమి నుంచి గెంటివేతలు కలిసి చేసిన పని అది.

1850లో ఓటు అర్హతకు కొత్త లెక్క వచ్చింది. 12 పౌండ్ల విలువైన భూమిని సాగు చేసుకునేవారికి ఓటు దక్కడంతో ఐరిష్ ఓటర్లు మళ్లీ పెరిగారు. కానీ ఓటు ఇంకా బహిరంగమే. 1852 జూలైలో ఒక భూస్వామి కౌలుదార్లను సైనికుల కాపలాతో ఓటు వేయించడానికి తీసుకెళుతుండగా, సిక్స్‌మైల్‌బ్రిడ్జ్ ఊళ్లో జనం అడ్డుపడ్డారు. సైనికులు కాల్పులు జరిపారు. పలువురు చనిపోయారు. ఒకవైపు దొర, మరోవైపు జనం, మధ్యలో ఓటరు నలిగిపోయాడు. ఓటు అందరికీ వినపడినంత కాలం ఎవరో ఒకరి ఒత్తిడి తప్పదని ఆ నెత్తురు చెప్పింది. 1872లో రహస్య బ్యాలెట్ చట్టం వచ్చాకే ఆ భయానికి విరుగుడు దొరికింది.

పదవుల చిక్కు

జీతం పదవి గురించిన నియమం క్లేర్‌ను మరోసారి మలుపు తిప్పింది. 1877లో సభ్యుడు సర్ కోల్‌మన్ ఓలాగ్లెన్ చనిపోతే, ఆయన సోదరుడు బ్రయన్‌ను ఓటర్లు ఎన్నుకున్నారు. బ్రయన్ అప్పుడు ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో ఉన్నారు. లండన్ సభలో అడుగు పెట్టకుండానే అక్కడి ప్రభుత్వంలో అటార్నీ జనరల్ అయ్యారు. రాజు కింద పదవి ఏ ఖండంలో తీసుకున్నా పదవే కాబట్టి 1879లో క్లేర్ స్థానం ఖాళీ అయిందని ప్రకటించారు. మన రాజ్యాంగంలోని 102, 191 అధికరణలు లాభదాయక పదవిలో ఉన్నవారిని చట్టసభలకు అనర్హులను చేస్తాయి. మనం తరచు వినే ఆ మాటకు మూలం ఈ బ్రిటిష్ సంప్రదాయమే.

ఆ ఉప ఎన్నికలో గెలిచినవారు ఓగోర్మన్ మహోన్. 1828లో ఓకానెల్ పేరును ప్రతిపాదించిన యువకుడు ఆయనే. 1830లో క్లేర్ నుంచి గెలిచి, లంచాల ఆరోపణ మీద సీటు పోగొట్టుకున్నారు. సగం శతాబ్దం తర్వాత వృద్ధుడై అదే స్థానానికి వచ్చారు. 1880లో ఆయనతో పాటు గెలిచిన రెండో సభ్యుడు కెప్టెన్ విలియం ఓషే. ఐరిష్ జాతీయ నాయకుడు పార్నెల్‌కు, ఓషే భార్య కాథరీన్‌కు మధ్య ఉన్న బంధం 1890లో విడాకుల కోర్టులో బయటపడి పార్నెల్ పార్టీని రెండుగా చీల్చింది. 1892 ఎన్నికల్లో దేశంలో చాలాచోట్ల పార్నెల్ వర్గం ఓడిపోయినా క్లేర్‌లోని రెండు స్థానాలూ ఆ వర్గమే గెలుచుకుంది.

రెండు ముక్కలు, కొత్త తరం

1884 చట్టం కౌంటీల్లో ఇంటి యజమానులైన పురుషులకు ఓటు ఇచ్చింది. 1829లో పేర్లు తొలగించిన చిన్న రైతుల మనవల తరానికి అప్పటికి గానీ ఓటు తిరిగి రాలేదు. మరుసటి ఏడాది నియోజకవర్గం రెండయింది.

తూర్పు క్లేర్ నుంచి 1892లో గెలిచిన విలియం రెడ్మండ్ పాతికేళ్లు సభ్యుడిగా ఉన్నారు. బ్రిటన్ పక్షాన మొదటి ప్రపంచ యుద్ధంలోకి వెళ్లి, 1917 జూన్‌లో మెసీన్ యుద్ధంలో ప్రాణాలు విడిచారు. ఈలోగా బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటు ఐర్లాండ్ మనసును మార్చేసింది.

రెడ్మండ్ స్థానానికి 1917 జూలైలో జరిగిన ఉప ఎన్నికలో, ఆ తిరుగుబాటులో పాల్గొని జైలుకు వెళ్లి అప్పుడే విడుదలైన ఎమన్ డి వాలెరా 5,010 ఓట్లతో గెలిచారు. రెడ్మండ్ పార్టీ అభ్యర్థి పాట్రిక్ లించ్‌కు 2,035 వచ్చాయి. డి వాలెరా పార్టీ అయిన షిన్ ఫేన్ లండన్ సభలో కూర్చోనని ముందే చెప్పింది. ఓకానెల్ ఆ సభలోకి వెళ్లడానికి పోరాడితే, డి వాలెరా వెళ్లననే మాట మీదే ఓట్లు అడిగారు.

1918లో 21 ఏళ్లు దాటిన పురుషులకు, కొన్ని షరతులతో 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఓటు వచ్చింది. అయితే డిసెంబరు ఎన్నికల్లో క్లేర్ రెండు స్థానాలూ ఏకగ్రీవమయ్యాయి. 1921లో, 1922లో కూడా పోటీ లేదు. క్లేర్ స్త్రీలు పార్లమెంటు ఎన్నికలో మొదటిసారి ఓటు వేసింది 1923 ఆగస్టులో. అప్పటికి కౌంటీ అంతా మళ్లీ ఒకే నియోజకవర్గమై, డబ్లిన్‌లోని కొత్త ఐరిష్ పార్లమెంటుకు సభ్యులను పంపుతోంది. స్త్రీ పురుషులు అందరికీ 21 ఏళ్లకే ఓటు వచ్చేసింది. ఓటరు అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని ప్రాధాన్య అంకెలు వేసే పద్ధతి నడుస్తోంది. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో వేసేది ఇలాంటి ఓటే. అంతర్యుద్ధంలో కొత్త ఐరిష్ ప్రభుత్వాన్ని ఎదిరించిన డి వాలెరాను ఆ ప్రచారంలో ఎన్నిస్ వేదిక మీదే అరెస్టు చేశారు. జైల్లో ఉండగానే ఆయన అందరికంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. 1959లో దేశాధ్యక్షుడయ్యే దాకా క్లేర్ ప్రతినిధుల్లో ఆయన ఒకరు.

ఈ చరిత్రను నాయకుల గెలుపోటముల పట్టికగా చదివితే ఓకానెల్, డి వాలెరా పేర్లే మిగులుతాయి. ఓటరు వైపు నుంచి చదివితే వేరే పాఠం కనిపిస్తుంది. హక్కును విస్తరించిన చట్టం పక్కనే దాన్ని కత్తిరించే చట్టం కూడా రావచ్చు, 1829లో ఆ రెండూ కలిసే వచ్చాయి. అందుకే ఏ ఎన్నికల సంస్కరణ వచ్చినా, ఎవరికి తలుపు తెరిచారన్నదానితో పాటు ఎవరి పేరు జాబితాలోంచి తీసేశారన్నది కూడా అడిగి తీరాలి. క్లేర్ రైతుల తరఫున ఆ రెండో ప్రశ్నను గట్టిగా అడిగేవాళ్లు లేకపోవడం వల్లే, వాళ్ల వారసులు యాభై ఏళ్లకు పైగా ఎదురుచూడాల్సి వచ్చింది.